నాలుగువందల పన్నెండు పేర్లు

పదకొండింటికి డాక్టరమ్మ వస్తుంది, ఇప్పుడు పదీ అయిదు, ఒళ్ళో లాప్‌టాప్ తెర ఇంకా నల్లగానే ఉంది. ఆరిపోయిన నలుపైతే బాగుండును, వైరు ఊడిందనో చార్జింగ్ అయిపోయిందనో సరిపెట్టుకోవచ్చు, ఇది వెలుగుతున్న నలుపు, విండో తెరుచుకుంది, పైన పట్టీ మీద ప్రోగ్రాం పేరు కూడా వచ్చింది, లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. చెల్లెలు దాన్ని మూసింది, మళ్ళీ తెరిచింది, మళ్ళీ అదే నలుపు. పదిహేనేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషి, మూసి తెరిస్తే బాగుపడదని తెలియనిదా, అయినా మూసి తెరిచింది, చేతులకి ఏదో ఒక పని కావాలి కదా, ఊరికే కూర్చుంటే అక్క చూస్తుంది, అక్క కళ్ళకి ఏదీ తప్పదు, ఇప్పుడసలు అక్కంటే ఆ రెండు కళ్ళే.

నలభై మూడేళ్ళు అక్కకి. మూడేళ్ళ కిందట కత్తెర చేతిలోంచి జారుతోందంటే నవ్వుకున్నారు అందరూ, ఆరుగురు టైలర్లకి ఒక్కతే కటింగ్ మాస్టరు, రోజుకి వంద స్కూలు చొక్కాలు కోసే చెయ్యి, అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నారు. చేతుల తర్వాత కాళ్ళు, కాళ్ళ తర్వాత గొంతు. నరాల జబ్బట, మందు లేదట, బుర్రకి మాత్రం ఏమీ కాదట, అదొక ఓదార్పు అన్నట్టు చెప్పాడు మొదటి డాక్టరు, వాడి మొహం, అది ఓదార్పేమిట్రా నాయనా. ఇప్పుడు ఊపిరి కూడా మాస్కులోంచి మిషను తోస్తోంది, అదీ ఇక చాలదు. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెడితే ఏళ్ళు బతకొచ్చు, ఇలాగే, కదలకుండా. పెట్టకపోతే వారాలు. పెట్టాలో వద్దో అక్కే చెప్పాలని, చెప్పలేని పరిస్థితైతే అప్పుడు భర్త సంతకం చెయ్యొచ్చని నిన్న సాయంత్రం డాక్టరమ్మ తేల్చి చెప్పి వెళ్ళింది. చెప్పడానికి అక్కకున్న నోరు ఈ ప్రోగ్రామొక్కటే. తెర మీద అక్షరాలు వరసల్లో ఉంటాయి, అక్క దేనివైపు చూస్తే అది కొంచెం ఉబ్బుతుంది, ఒక్క క్షణం చూపు నిలిపితే కిందకి దిగి మాటలో చేరుతుంది. బజారులో దొరికేవాటిలో మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా లేక రెండేళ్ళ ఆదివారాలన్నీ ధారపోసి చెల్లెలే రాసింది. అది ఎక్కించి ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు, డాక్టరమ్మ వెళ్ళిన పావుగంటకి, అక్కని పక్కకి తిప్పుతున్న బావ మోచెయ్యి తగిలి నేలమీద పడి ముక్కలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఒళ్ళో ఉన్నది ఆఫీసులో మూలపడి ఉంటే పొద్దున్నే అడిగి తెచ్చిన ముసలి లాప్‌టాప్.

"అయిందా?" అన్నాడు బావ.

"ఇంకా లేదు బావా."

మూడు నిమిషాలకోసారి అడుగుతున్నాడు. మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఏది దొరికినా స్టీరింగులాగే పట్టుకుంటాడు. అడిగితే అడిగాడు, పాపం, తన మోచెయ్యేనన్న బాధ ఒకటి నమిలేస్తోంది ఆయన్ని, రాత్రంతా కుర్చీలో కూర్చునే ఉన్నాడట, నర్సు చెప్పింది. "అయినా మీ అక్క ఊ అంది కదా" అన్నాడు మళ్ళీ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "నిన్న నేనడిగితే కళ్ళు పైకెత్తింది. గొట్టం పెట్టించుకుంటావా అన్నా. ఎత్తింది. నువ్వు రాకముందు." కళ్ళు పైకెత్తితే ఊ. ఎత్తకపోతే ఊహూ. మిషను లేనప్పుడు ఇంట్లో నడిచే భాష అది. నిజంగానే ఊ అని ఉంటే ఎంత బాగుండు, ఇంత అవస్థ దేనికి, మూసి సంచిలో పెట్టెయ్యొచ్చు, గొట్టం పెడతారు, అక్క ఉంటుంది, ఆదివారాలు ఉంటాయి, వెళ్ళగానే తెర మీద 'వచ్చిందండీ నత్త' అని ఉంటుంది, చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఆలస్యమేనని అక్క పెట్టిన పేరది. ఈ నత్తకి ఇప్పుడు యాభై నిమిషాలుంది.

ఆలోచించు. తొందరపడకు. తెర మీద గీత గీసేది గ్రాఫిక్స్ లైబ్రరీ, ఎవరో ముందే రాసి ఉంచిన పనుల మూట, అది ఒక భాషలో ఉంటుంది, తను రాసే భాష వేరు, మధ్యలో దుబాసీ ఉండాలి, దాన్నే బైండింగ్స్ అంటారు, అదీ తన చేతిరాతే. ఆ లైబ్రరీలో ఏయే పనులున్నాయో ముందుగా తెలియదు, అదీ చిక్కు, ప్రోగ్రాం లేచాక, విండో తెరిచాక, అప్పుడు పేరు పెట్టి ఒక్కోదాన్నీ అడగాలి, ఫలానా పని నీ దగ్గరుందా, ఉంటే ఎక్కడుంది అని. నాలుగువందల పన్నెండు పేర్లు. ఒకసారి బావకి చెబితే ఇట్టే పట్టేశాడు, కొత్త ఊరి డిపోలో బస్సు అడిగినట్టన్నమాట అన్నాడు, బోర్డుండదు, కౌంటరు దగ్గర పేరు చెబితే వాడు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమో చెబుతాడు. అంతే బావా. గేటు బయట నిలబడి అడిగితే పలకడు కదా? పలకడు బావా, లోపలికి వెళ్ళాకే అడగాలి. ఆ ఊళ్ళో చెప్పిన నంబరు ఈ ఊళ్ళో పనికిరాదు కదా? అస్సలు రాదు బావా. అప్పుడు అక్క తెర మీద రాసింది, 'ఆయనకి బస్సులోకి ఎక్కించనిదే ఏదీ అర్థం కాదు, నన్ను కూడా బస్సులోనే చూశాడు' అని. ముగ్గురూ ఎంత నవ్వారో, ముగ్గురూ అంటే ఇద్దరు శబ్దంతో, ఒకరు కళ్ళతో.

గేటు బయట అడుగుతున్నానేమో. పదీ పదహారు. విండో తెరవకముందే పేర్లు అడిగేస్తే ఇలాగే అవుతుంది, పై నుంచి కిందకి చదివింది, లేదు, విండో తెరిచాకే అడుగుతోంది. వేరే ఊరి నంబరేమో, ఒక చోట అడిగి ఇంకో చోట వాడుతోందేమో, అదీ కాదు, అంతా ఒక్కచోటే. మరి ఏమిటి. మాస్కులోంచి గాలి లోపలికీ బయటికీ, బుస్సు, బుస్సు, దానికీ దీనికీ మధ్య ఎడం ఇదివరకటికంటే ఎక్కువైందా, అది చూడకు, నీ పని చూడు. బీరువా చప్పుడు, కారిడార్లో బండి చక్రం కిర్రుమంటూ పోయింది, ఎవరో ఫోన్లో పప్పు మాడిపోయిందని మొత్తుకుంటున్నారు, మాడితే మాడనీ తల్లీ, ఎంత అదృష్టవంతురాలివి. అచ్చుకొట్టిన అక్షరాల అట్ట కిటికీ గట్టు మీద పడి ఉంది, పొద్దున ప్రయత్నించారు, వేలుతో ఒక్కో అక్షరం చూపించడం, కావల్సింది రాగానే అక్క కళ్ళెత్తడం, రెండక్షరాలకి ఇరవై నిమిషాలు పట్టింది, ఆ రెండక్షరాలకీ అర్థం లేదు, అక్క కళ్ళు మూసేసుకుంది. అలా విసుగ్గా మూసుకోవడం అక్క నైజం కాదు. ఎదురుచూడ్డం ఎలాగో ఇంట్లో అందరికీ నేర్పింది అక్కే. చెల్లెలికి చిన్నప్పుడు నత్తి, మాట మొదలైతే నాలుక అక్కడే ఇరుక్కుపోయేది, షాపులో, బడిలో, చుట్టాల ముందు, వాళ్ళు ఊరుకుంటారా, పెన్సిలా అమ్మా? రబ్బరా? నీళ్ళా? అని అందించేసేవాళ్ళు, ఏదో ఒకదానికి తలూపి బయటపడేది, పెన్సిలు కావాల్సిన పిల్ల రబ్బరు పట్టుకుని ఇంటికొచ్చేది. అక్క పక్కనుంటే మాత్రం సాగనిచ్చేది కాదు. "మీరాగండి, దాన్ని చెప్పనివ్వండి" అనేది, పదకొండేళ్ళ పిల్ల, షాపువాడి మొహం మీదే, వెనక వరసలో జనం విసుక్కుంటున్నా సరే నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది, ఆ మాట పూర్తయ్యేదాకా.

"నీళ్ళు తాగు" అన్నాడు బావ, సీసా అందించి. తాగలేదు. పక్కన పెట్టింది.

సరే, ప్రతి పేరుకీ వచ్చిన జవాబు అచ్చువేసి చూద్దాం. లైబ్రరీ చిరునామా ఇస్తే ఆ పని ఉన్నట్టు, సున్నా ఇస్తే లేనట్టు, లేకపోతే పాత దారిలో గీయమని రాసి పెట్టుకుంది, ఇలాంటి ముసలి మిషన్ల కోసమే, తనకి భలే గర్వం ఆ నాలుగు లైన్లంటే, ముక్కూ మొహం తెలియని వాళ్ళెందరో మెచ్చుకుని వాడుకుంటున్నారు కూడా. జాబితా జరజరా దిగింది. నాలుగువందల పన్నెండూ ఉన్నాయి. ఒక్క సున్నా లేదు. అన్నిటికీ చిరునామాలు, పొడుగాటి అంకెలు, చూడ్డానికి ముచ్చటగా. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, అన్నీ ఉంటే గీయవేమే ముండా? పదీ ఇరవై తొమ్మిది. ఏడుపొచ్చింది. వచ్చినదాన్ని మింగింది. ఈ కాలం చెల్లిన డొక్కు మిషనులో కొత్త పనులన్నీ ఎలా ఉన్నాయి? ఎలా ఉంటాయి? రెండేళ్ళ కిందట వచ్చిన పని పదేళ్ళ కిందటి మిషనులో ఎక్కడినుంచి వచ్చింది? ఆగింది. కావాలని ఒక పేరు పుట్టించింది, ప్రపంచంలో ఎక్కడా లేని పేరు, ఆ లైబ్రరీ పేర్లన్నిటికీ ముందుండే రెండక్షరాలు తగిలించి, వెనక 'నత్త' అని కొట్టింది. నీ దగ్గర నత్త అనే పని ఉందా?

ఉందంది. చిరునామా ఇచ్చింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, నత్తకి కూడా ఒక చిరునామా, మిగతావాటిలాగే పొడుగ్గా, ముచ్చటగా. ఇదన్నమాట. ఈ మిషనులో లైబ్రరీ ఏ పేరడిగినా ఉందంటుంది, ముందు రెండక్షరాలూ సరిపోతే చాలు, లోపల పని ఉన్నా లేకపోయినా. ఆ చిరునామాకి వెళితే ఖాళీ స్థలం, పిలిస్తే పలుకుతుంది, గీయమంటే గీయదు. జవాబు వచ్చిందా అని చూసింది తను, ఆ జవాబుకి అర్థముందా అని చూడలేదు. ఎక్కడో చదివింది కూడా ఈ సంగతి, కొన్ని మిషన్లలో అలా ఉంటుంది, చిరునామాని నమ్మకండి, ముందు నీకు నిజంగా ఏమేం వచ్చో జాబితా ఇవ్వమని అడిగి అందులో ఉన్నవే తీసుకోండి అని, చదివి, తన మిషనులో బాగానే నడుస్తోంది కదా అని ఊరుకుంది. నడిచినన్నాళ్ళూ ఎవరు మాత్రం అడుగుతారు.

ఎవరు మాత్రం అడుగుతారు. తలెత్తి అక్కని చూసింది. అక్క తననే చూస్తోంది. నిన్న బావ అడిగాడు, కళ్ళు పైకెత్తింది. అడిగాడు, ఎత్తింది.

"అక్కా" అంది. "అక్కా, బావ ఏనుగా?"

"ఏంటే అది, ఇప్పుడు?" అన్నాడు బావ.

అక్క కళ్ళు కదల్లేదు. బావ ఏనుగా అక్కా? కదల్లేదు. కొంచెం గట్టిగా, బావలాగా, చెవి దగ్గరికి వంగి, చెప్పక్కా, బావ ఏనుగే కదా? కదల్లేదు. నాలుగోసారి అడిగింది, అయిదోసారి, ఛీ ఏం మనిషిని నేను అనుకుంటూ ఆరోసారి, అప్పుడు అక్క కళ్ళు మెల్లగా, బరువైన గంపని అటక మీదకి తోసినట్టు, పైకి లేచాయి. బావ నవ్వాడు, పొట్ట తడుముకుని, "అవునే, ఏనుగునే" అని, సగంలో ఆగిపోయాడు. గదిలో మిషను బుస్సుమంటోంది.

"నిన్న ఎన్నిసార్లు అడిగావు బావా?"

బావ కమ్మీ వదిలేశాడు. "వినపడలేదేమోననుకున్నా" అన్నాడు. "లెక్కపెట్టలేదు."

పదీ ముప్పై ఆరు. రోగం దొరికింది, మందూ తెలుసు, పది నిమిషాల పని. వేళ్ళు కీల మీద పెట్టుకుని కూర్చుంది, కొట్టలేదు. కొట్టకపోతే? కొట్టకపోతే ఏమీ లేదు, తెర నల్లగా ఉంటుంది, డాక్టరమ్మ వస్తుంది, అయ్యో కుదర్లేదా అంటుంది, బావ సంతకం పెడతాడు, గొట్టం పెడతారు, అక్క బతుకుతుంది. వచ్చే వారం కొత్త మిషను కొని తాపీగా సరిచెయ్యొచ్చు, అప్పుడు అక్క ఏమన్నా అనుకోనీ, తిట్టనీ, ఒత్తులూ గుణింతాలతో సహా తిట్టనీ, తిట్టే మనిషి ఉంటుంది కదా. ఎవరికీ తెలియదు. ఈ ప్రపంచంలో ఆ నాలుగు లైన్లు చదివి, ఇదిగో ఇక్కడ కావాలని ఆపింది అని పట్టుకోగలిగినవాళ్ళు ఈ ఆస్పత్రి మొత్తంలో లేరు. నత్త కదా, నత్త నడకే నడిచిందంటారు. నువ్వు లేకపోతే నేనేం చెయ్యనే అక్కా, ఆదివారం పూట ఎక్కడికి పోను, ఎవరికోసం రాయను, అమ్మ పోయినప్పుడు నువ్వున్నావు, నువ్వు పోతే ఎవరుంటారు, నాకిష్టం లేదు, నాకస్సలు ఇష్టం లేదు, నువ్వు చెప్పబోయేది నాకు తెలుసేమోనని భయంగా ఉంది, అందుకే ఇంతసేపు పట్టిందేమో కూడా, నత్తని అడగాలని ఇంకో పది నిమిషాల ముందు తట్టకూడదా, తట్టనివ్వలేదేమో లోపలినుంచి ఎవరో. పదీ నలభై. అక్క చూస్తూనే ఉంది. తొందరపెట్టడం లేదు. చిన్నప్పుడు షాపులో నిలబడ్డట్టే నిలబడి ఉంది ఆ చూపు, ఎంతసేపైనా ఉంటానన్నట్టు. ఆమె కొట్టడం మొదలుపెట్టింది.

నీకు నిజంగా ఏమేం వచ్చో చెప్పు. చెప్పింది. నాలుగువందల పన్నెండులో నూట తొంభై ఆరు. మిగతావాటి దగ్గర ఆమె తన చేత్తో సున్నాలు పెట్టింది, పెడుతుంటే కళ్ళు మసకబారుతున్నాయి, తుడుచుకోలేదు, వేళ్ళకి దారి తెలుసు. ఒక చోట బ్రాకెట్టు మరిచిపోయి రెండు నిమిషాలు పోయాయి. పదీ యాభై మూడుకి పాత దారి నడిచింది, నలుపు పోయి లేత పసుపు వచ్చింది, దానిమీద అ ఆ ఇ ఈ వరసగా, అక్షరాల అంచులు కాస్త గరుకుగా ఉన్నాయి, ఉంటే ఉన్నాయి. బావ నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, అక్క మొహానికి ఎదురుగా వంచి, కింద చూపుని పట్టే కెమెరా తగిలించింది, చూపు సరిపోల్చడానికి అయిదు చుక్కలు చూడమంది, అక్క అయిదూ చూసింది, ఒక్కటీ తప్పలేదు. తలుపు చప్పుడైంది.

డాక్టరమ్మ మంచానికి ఆ పక్కన నిలబడింది, వెనక నర్సు. తెర వాళ్ళవైపు లేదు, అక్కవైపుంది, చదవగలిగేది అక్క తల పక్కనున్న చెల్లెలు ఒక్కతే. డాక్టరమ్మ వంగి నిదానంగా చెప్పింది, గొట్టం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో, నొప్పి తెలియకుండా ఏం చేస్తారో, ఒక్క ముక్క దాచకుండా. "మీకేం కావాలో మీరే చెప్పండమ్మా" అంది. ఒక్కసారే అడిగింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడింది.

అక్షరం ఉబ్బింది, దిగింది. ఇంకోటి. ఒక మాట పూర్తయింది, దాని పక్కన ఇంకోటి మొదలైంది, ఆమె చదువుతోంది, లోపల్లోపల, పెదవులు కదపకుండా, 'ఊ అనేదాకా అడుగుతారేమిటే మీరిద్దరూ'. చిన్న నవ్వొచ్చింది, ఏడుపు మధ్యలో, ఎక్కడినుంచి వచ్చిందో. అక్క ఆగింది, మాస్కులో గాలి నాలుగుసార్లు వచ్చి పోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. గొట్టం. తర్వాత వ. దాని పక్కన దకారం, దాని కింద ఇంకో ద ఒత్తు, కొమ్ము, ఇక చదవక్కర్లేదు, తెలిసిపోయింది, అయినా అక్క ఆపలేదు. ఇంటికి తీసుకెళ్ళండి. చుక్క పెట్టింది. చుక్క కూడా పెట్టింది.

డాక్టరమ్మ చెల్లెలి వైపు చూసింది. బావ చూశాడు. ఆమె నాలుక ఇరుక్కుపోయింది, ముప్పై ఏళ్ళ తర్వాత, అక్కడే, పై పళ్ళ వెనక, మాట మొదలు దొరకడం లేదు. ఎవరూ ఏదీ అందించలేదు. "గ... గొట్టం వద్దంటోంది" అంది చివరికి. "ఇంటికి తీసుకెళ్ళమంటోంది."

"అలా ఎందుకంటుంది?" అన్నాడు బావ. గబగబా ఇటు తిరిగొచ్చి తెర మీదకి వంగాడు, పెదవులు కదుపుతూ చదివాడు, రెండోసారి చదివాడు. కమ్మీ కోసం చెయ్యి వెతికింది, దొరకలేదు, ఆమె భుజం దొరికింది, దాన్నే పట్టుకున్నాడు. "కొత్త మిషను కదే, చూపు సరిగ్గా పడి ఉండదు. నువ్వు... ఒక్కసారి, ఇంకొక్కసారి అడుగు. నువ్వడిగితే చెబుతుంది. అడగవే, నీకు దండం పెడతాను."

అడగాలని ఆమెకి బావకంటే ఎక్కువగా ఉంది. మోకాళ్ళ మీద పడి, చెవి దగ్గర, ఆరుసార్లు, అరవైసార్లు, ఆ కళ్ళు పైకి లేచేదాకా అడగాలని ఉంది, లేస్తాయని కూడా తెలుసు.

"అడగను బావా" అంది.